బండికి బిగించినవి ఊరికే ఎందుకు విరుగుతాయి, విరగకుండా ఎలా చేసుకోవాలి

హన్మకొండలో ఏదైనా సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ముందున్న బండ్లను ఓసారి చూడండి. ఒక బండికి నంబర్ ప్లేటు ఒకే బోల్టు మీద వేలాడుతుంటుంది. ఇంకో బండి లెగ్‌గార్డుకు వెల్డింగ్ మీద వెల్డింగ్ పడి మూల దగ్గర ముద్ద కట్టి ఉంటుంది. మరో బండికి చీర గార్డును బైండింగ్ వైరుతో కట్టి నడిపిస్తుంటారు. అడిగితే "డూప్లికేట్ మాలు అన్నా, అందుకే ఇరిగింది" అంటారు. కొన్నిసార్లు అది నిజమే. కానీ కొత్తది మార్చినా, మందం పట్టీ వేయించినా కొన్నాళ్లకు మళ్లీ అక్కడే విరుగుతోందంటే తప్పు మాలులో లేదు, బిగించిన తీరులో ఉంది.

మీ బండికి ఇలా అవుతుంటే వెల్డింగ్ షాపుకు పోయే ముందు ఇది చదవండి. విరిగిన చోట అతికిస్తే సగం పనే అవుతుంది. ఆ ముక్క ఎందుకు అంతగా అదురుతోందో కనిపెట్టి దాన్ని ఆపాలి. అదురు అట్లాగే ఉంటే, అతుకు ఎంత గట్టిగా ఉన్నా దాని పక్కన మళ్లీ పగులు మొదలవుతుంది.

ముందుగా విరిగిన ముక్కను చూడండి

విరిగిన ముక్కను పారేయకండి, వైర్ బ్రష్‌తో రుద్దకండి. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో మెల్లగా తుడిచి, ఎండలోకి తెచ్చి కొంచెం ఏటవాలుగా పట్టుకోండి. చాలాసార్లు విరిగిన ముఖం మీద రెండు రకాల భాగాలు కనిపిస్తాయి. ఒక భాగం నున్నగా ఉంటుంది. పాతబడి గోధుమ రంగు తుప్పు పట్టి ఉండొచ్చు. దాని మీద సన్నటి వంపు గీతలు ఒకదాని వెనక ఒకటి, చెరువులో నీళ్లు తగ్గుతూ పోయినప్పుడు ఒడ్డున మిగిలే చారల్లా కనిపిస్తాయి. రెండో భాగం గరుకుగా, గింజలు గింజలుగా, ఇంకా మెరుస్తూ ఉంటుంది. నున్నటి భాగం కొన్ని వారాలో నెలలో పట్టి మెల్లగా పగిలింది. గరుకు భాగం చివరి రోజున ఒక్కసారిగా తెగింది.

ఆ వంపు గీతలు ఏ చుక్క చుట్టూ తిరుగుతున్నాయో వెతకండి. పగులు పుట్టింది అక్కడే. అది వెల్డింగ్ అంచు కావొచ్చు, డ్రిల్లు రంధ్రం అంచు కావొచ్చు, పట్టీని మడిచిన మూల కావొచ్చు, బోల్టు అయితే మరలో మొదటి గాడి కావొచ్చు. మీరు సరిచేయాల్సిన చోటు అదే.

ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. నున్నటి భాగం చాలా పెద్దగా ఉండి, చివర్లో తెగిన గరుకు భాగం చిన్నగా ఉంటే ఆ ముక్క మీద బరువు పెద్దగా లేదు. సన్నటి అదురే దాన్ని తినేసింది. గరుకు భాగమే సగానికి మించి ఉంటే బరువు ఎక్కువైందని అర్థం. పాల క్యాన్లు మోసే క్యారియర్లలో ఈ రెండోది ఎక్కువ, నంబర్ ప్లేటును పట్టుకునే పట్టీల్లో (స్టేలలో) మొదటిది ఎక్కువ. మొదటి దానికి మందం పెంచడం కన్నా ఊపు ఆపడమే మందు. రెండో దానికి బరువు తగ్గించాలి, లేదా ఇంకో చోట ఊతం ఇవ్వాలి.

నున్నటి భాగం అసలే లేకుండా ముఖమంతా గరుకుగా ఉండి, ముక్క వంగి కూడా ఉంటే అది దెబ్బ తగిలి విరిగింది. బండి పడిందో, ఎవరైనా గుద్దారో చూసుకోండి. దానికి ఈ పద్ధతులన్నీ అక్కర్లేదు, కొత్తది వేసుకుంటే చాలు.

ఎన్నిసార్లు వంగుతుందో ఒక లెక్క

సింగిల్ సిలిండర్ ఇంజిన్‌లో పిస్టన్ ఒకసారి పైకి పోయి కిందికి వస్తే బండికి ఒక అదురు. 5,000 ఆర్‌పీఎం (నిమిషానికి 5,000 తిప్పులు) మీద నడుపుతుంటే సెకనుకు సుమారు 83 అదుర్లు, గంటకు 3 లక్షలు. వరంగల్ నుంచి హైదరాబాద్ దాదాపు 145 కిలోమీటర్లు. మధ్యలో టీ తాగే టైం తీసేసి, ఇంజిన్ మూడు గంటలు తిరిగిందనుకున్నా ఒక్క పోకకే 9 లక్షలు. ప్రతి అదురుకూ మీ ఫాగ్ లైటు పట్టీ కంటికి కనిపించనంతగా వంగి లేస్తుంది. లోహం ఒక్కసారికి తట్టుకునే బరువులో సగం కూడా పడకపోయినా, లక్షల సార్లు పడితే ఎక్కడో ఒక మూల సన్నటి పగులు మొదలవుతుంది. మెటల్ ఫెటీగ్ అనేది ఇదే.

ఇక్కడ స్టీలుకూ అల్యూమినియానికీ పెద్ద తేడా ఉంది. స్టీలు మీద పడే ఒత్తిడి ఒక హద్దు దాటకపోతే అది ఎన్ని కోట్ల సార్లు వంగినా విరగదు. అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు. ఒత్తిడి తక్కువైతే ఎక్కువ రోజులు వస్తుంది, అంతే. అందుకే సీఎన్‌సీ మెషిన్ మీద చెక్కిన అల్యూమినియం క్లాంపులు, టాప్ బాక్సు ప్లేట్లు చూడ్డానికి ఎంత బాగున్నా వాటిని వదిలేయకుండా చెక్ చేస్తూ ఉండాలి. తుప్పు పట్టిన స్టీలుకు, సరిగ్గా వెల్డింగ్ పడని స్టీలుకు కూడా ఆ హద్దు నమ్మదగ్గది కాదు.

ఈ జ్ఞానం మనకు ఎక్కువగా వచ్చింది రైళ్ల నుంచే. 1842లో ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ నుంచి పారిస్ వస్తున్న రైలు ఇంజిన్ ఇరుసు విరిగి చాలామంది చనిపోయారు. ఆ తర్వాత జర్మనీలో ఆగస్ట్ వోలర్ అనే ఇంజినీరు 1850లు, 60లలో ఇరుసులను యంత్రం మీద లక్షల సార్లు తిప్పి, వంచి, ఏ ఒత్తిడికి ఎన్ని తిప్పులకు విరుగుతాయో పట్టికలు తయారుచేశాడు. కాజీపేట జంక్షన్ పక్కన పెరిగినవాళ్లకు లోకో షెడ్డు అంటే కొత్త కాదు. రైల్వేలో ఈరోజుకీ ఇరుసు బయటికి బాగానే కనిపిస్తోందని నమ్మి వదిలేయరు, లోపల పగులు ఉందేమోనని అల్ట్రాసోనిక్ పరీక్ష చేస్తారు. మన బండ్లకు అంత అవసరం లేదు కానీ, బయటికి బాగుంటే లోపలా బాగున్నట్టే అనుకోకూడదన్న మాట మాత్రం మనకూ వర్తిస్తుంది.

ఏ స్పీడులో అదురుతోందో పట్టుకోండి

ప్రతి పట్టీకీ, ప్రతి రేకుకూ తనకు ఇష్టమైన ఒక వేగం ఉంటుంది. ఇంజిన్ అదురు సరిగ్గా ఆ వేగానికి వచ్చినప్పుడు అది మామూలు కన్నా ఎన్నో రెట్లు ఊగుతుంది. దాన్ని కనిపెట్టడం తేలిక.

బండిని బయట, గాలి ఆడే చోట సెంటర్ స్టాండ్ వేసి న్యూట్రల్‌లో స్టార్ట్ చేయండి. ఒకరు మెల్లగా రేస్ పెంచుతుంటే ఇంకొకరు నంబర్ ప్లేటు, అద్దాలు, లెగ్‌గార్డు, లైటు స్టే ఒక్కోటీ గమనించాలి. ఫలానా రేస్ దగ్గర ప్లేటు మీద అంకెలు అలుక్కుపోయినట్టు కనిపించి, ఇంకొంచెం పెంచితే మళ్లీ స్పష్టంగా కనిపిస్తాయి. అక్కడే ఆ ప్లేటు వేగం కలిసింది. కంటికి అందకపోతే ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి, సెకనుకు 240 ఫ్రేములు ఉంటే బాగా కనిపిస్తుంది. నిలబెట్టిన బండిని ఎక్కువసేపు గట్టిగా రేస్ చేయొద్దు, ఇంజిన్ వేడెక్కుతుంది. సైలెన్సర్ దగ్గర చేతులు పెట్టొద్దు.

ఇప్పుడు మీరు రోజూ నడిపే వేగం గుర్తు తెచ్చుకోండి. నర్సంపేట నుంచి రోజూ వరంగల్ వచ్చిపోయే మనిషి టాప్ గేర్‌లో 55, 60 మీద గంటల కొద్దీ నడుపుతాడు. ఆ వేగంలో ఉండే ఆర్‌పీఎం, పట్టీ గట్టిగా ఊగే ఆర్‌పీఎం ఒకటే అయితే ఆ పట్టీ ఎక్కువ రోజులు ఉండదు. పట్టీ పొడవు, బరువు, ఊతం, ఈ మూడింట్లో ఏదో ఒకటి మార్చాల్సిందే.

అసలు ఇంజినే మామూలు కన్నా ఎక్కువ అదురుతుంటే ముందు దాని సంగతి చూడాలి. ఇంజిన్ మౌంటింగ్ బోల్టులు లూజుగా ఉన్నాయా, చైను మరీ బిగుసుగా ఉందా లేక వేలాడుతోందా, చక్రం వంకర తిరుగుతోందా చూడండి. అదురు బలం ఆర్‌పీఎం వర్గానికి తగ్గట్టు పెరుగుతుంది, అంటే 3,000 నుంచి 6,000కు పోతే నాలుగింతలు. గేర్ తగ్గించి గీపెట్టి నడిపే అలవాటు ఉంటే బండికి తగిలించిన ప్రతి వస్తువూ ఆ లెక్కన బలవుతుంది. పాత బుల్లెట్లలో అదురును తగ్గించే బ్యాలెన్సర్ షాఫ్ట్ ఉండేది కాదు. 2020లో రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియర్‌తో వచ్చిన 350 ఇంజిన్‌లో అది ఉంది. పాత బుల్లెట్‌కు, కొత్త దానికి ఒకే రకం లైటు స్టే వేస్తే రెండూ ఒకేలా నిలవాలని లేదు.

బిగించే తీరు మార్చండి

అన్నిటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది పొడవు తగ్గించడం. ఒకే మందం పట్టీ ఒక చివర బిగించి రెండో చివర వదిలేసి ఉంటే, పొడవు రెండింతలు చేస్తే అది ఎనిమిదింతలు ఎక్కువ వంగుతుంది. ఆరు అంగుళాల స్టే మీద ఫాగ్ లైటు పెట్టే బదులు మూడు అంగుళాల దాని మీద పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. పొడవు తగ్గించడం కుదరకపోతే ఖాళీగా ఉన్న చివరకు ఒక ఊతం ఇవ్వండి. అదీ కుదరకపోతే చదును పట్టీ బదులు ఎల్ యాంగిల్ వాడండి, లేదా రేకు అంచులు మడిచి వేయించండి. మందం పెంచినా గట్టిపడుతుంది కానీ బరువూ పెరుగుతుంది, ఆ బరువు మళ్లీ బోల్టు దగ్గర పడుతుంది.

వెల్డింగ్ షాపులో మనకు మామూలుగా వినపడేది ఇదే: "అన్నా, ఇంకింత మందం పట్టి ఏస్త, మల్ల ఇరగదు." అప్పుడు మీరు చెప్పాల్సింది: "మందం అద్దు తమ్మీ, కింది నుంచి ఇంకో సపోర్టు ఇయ్యి." పట్టీ ఖర్చు అంతే, పని మాత్రం నిలుస్తుంది.

రెండో ముఖ్యమైన సంగతి, లాగి బిగించకపోవడం. బయట కొన్న లెగ్‌గార్డుకు మూడు చోట్ల బోల్టులు ఉంటాయనుకోండి. రెండు బిగించాక మూడో రంధ్రం పావు అంగుళం తేడా వస్తుంది. అప్పుడు రాడ్డు పెట్టి వంచి, బోల్టు దూర్చి, పానాతో బలంగా లాగేస్తారు. చూడ్డానికి గట్టిగానే కూర్చుంటుంది. కానీ ఆ గార్డు ఇప్పుడు రాత్రీ పగలూ వంగే ఉంది. బండి స్టార్ట్ చేయకముందే దాని మీద ఒత్తిడి ఉంది, అదురు దాని మీద అదనంగా పడుతుంది. అలాంటి గార్డు మొదట విరిగేది ఆ మూడో బోల్టు దగ్గరున్న వెల్డింగ్ దగ్గరే.

సరైన పద్ధతి ఇలా. బోల్టులన్నీ చేత్తో మాత్రమే తిప్పి, లూజుగా ఉంచి, గార్డును అటూ ఇటూ కదిలించి కూర్చోనివ్వండి. ఎక్కడ సందు మిగిలిందో చూడండి. ఆ సందులో సరిపడా వాషర్లు పెట్టి నింపండి. రంధ్రమే పక్కకు ఉంటే గుండ్రటి ఆకురాయితో కొంచెం పొడవుగా చేసి వెడల్పు వాషర్ వేయండి. అప్పుడు ఒక్కో బోల్టూ కొంచెం కొంచెంగా, వంతులవారీగా బిగించండి. చివర్లో ఏదైనా ఒక బోల్టు విప్పి చూడండి, గార్డు ఎగిరి పక్కకు పోకూడదు. పోతే ఇంకా లాగుతోందని అర్థం. షాపులో హడావిడిగా ఉంటే కాసేపు ఆగైనా సరే ఈ పని దగ్గరుండి చేయించుకోండి, లెగ్‌గార్డు విషయంలో ఇంతకన్నా పనికొచ్చే సలహా నా దగ్గర లేదు.

ఒక చివర ఇంజిన్‌కు, ఇంకో చివర ఫ్రేముకు బిగించే సామాను కూడా జాగ్రత్తగా చూడాలి. రబ్బరు మౌంటింగుల మీద ఉన్న ఇంజిన్ ఫ్రేముతో కలిసి కదలదు, దాని ఊపు దానిది. మధ్యలో మీ రాడ్డు నలిగిపోతుంది. రెండు చివర్లూ ఫ్రేముకే ఉండేలా చూసుకోండి.

రబ్బరు బుష్షులు చాలా మేలు చేస్తాయి, అయితే లోపల ఇనుప స్లీవు ఉన్నవే వాడాలి. మీ బండి సైడ్ ప్యానెల్‌నో ట్యాంకునో పట్టుకున్న రబ్బరును చూడండి. రబ్బరు మధ్యలో చిన్న గొట్టం ఉంటుంది. బోల్టు ఆ గొట్టం మీద బిగుసుకుంటుంది, రబ్బరు నలగకుండా మెత్తగా మిగులుతుంది. గొట్టం లేకుండా ఉత్త రబ్బరు పెట్టి బోల్టు లాగితే రబ్బరు పిప్పి అవుతుంది, వారం తిరగకుండా నట్టు లూజవుతుంది.

రంధ్రాలు డ్రిల్లుతోనే వేయించండి, వెల్డింగ్ రాడ్డుతో కాల్చి రంధ్రం చేస్తే అంచంతా గాట్లే. డ్రిల్లు వేశాక అంచును రెండు వైపులా రుద్ది నున్నగా చేయాలి. పట్టీ చివరికి మరీ దగ్గరగా వేయొద్దు, రంధ్రం వెడల్పుకు కనీసం ఒకటిన్నర, రెండింతల దూరం ఉండాలి. మడత పెట్టేటప్పుడు మూల కత్తిలా కాకుండా గుండ్రంగా రావాలి. చాలా పగుళ్లు పుట్టేది సరిగ్గా ఈ పదునైన మూలల్లోనే.

బోల్టు, నట్టు

బోల్టు తల మీద 8.8 అని (అది గట్టిదనానికి గుర్తు) ఉన్నది తీసుకోండి. ఏ గుర్తూ లేని మెత్త బోల్టు బిగించినంతసేపూ సాగుతుంది, ఆ తర్వాత పట్టు వదులుతుంది. సరిగ్గా బిగిసిన బోల్టు అదురుకు అంత తేలిగ్గా విరగదు. లూజైన బోల్టే విరుగుతుంది, ఎందుకంటే ప్రతి అదురునూ అది ఒక్కటే మోయాలి. స్టీలు మీద స్టీలు బిగించేటప్పుడు 8.8 రకం ఎం6 (6 మిల్లీమీటర్ల) బోల్టుకు బిగింపు బలం దాదాపు 10 న్యూటన్ మీటర్లు, ఎం8కు దాదాపు 25 సరిపోతాయి. ఇంజిన్ మౌంటింగ్ బోల్టులకు మాత్రం మీ బండి మాన్యువల్‌లో ఉన్న లెక్కే పాటించాలి. ఆ బలాన్ని కొలిచి బిగించే టార్క్ రెంచ్ లేకపోతే చిన్న పానా వాడండి, పొడుగు పైపు తొడిగి లాగకండి.

స్ప్రింగ్ వాషర్ వేస్తే చాలనే నమ్మకం మన మెకానిక్కుల్లో గట్టిగా ఉంది. పక్కకు కదిలే అదురు ముందు అది పెద్దగా ఆగదు, 1969లో గెర్హార్డ్ యుంకర్ చేసిన ప్రయోగాల నుంచి తెలిసిన సంగతి ఇది. లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్టు వాడండి, విప్పిన ప్రతిసారీ కొత్తది వేయండి. నట్టు వేసే చోటు లేకపోతే మరలు తిరగకుండా పట్టి ఉంచే జిగురు, నీలం రంగు త్రెడ్ లాకర్ ఒక చుక్క చాలు. ఎరుపు రంగుది వద్దు, దాన్ని విప్పాలంటే వేడి చేయాలి. ఫైబరు, ప్లాస్టిక్ భాగాలకు ఈ మందు తగలకుండా చూసుకోండి, కొన్ని ప్లాస్టిక్కులు దానికి పగుళ్లు బారతాయి.

బిగించాక నట్టు మీద నుంచి పట్టీ మీదికి పెయింటుతో ఒక గీత గీయండి. గీత విరిగి పక్కకు జరిగితే నట్టు తిరిగినట్టే. దీనికి పాత నెయిల్ పాలిష్ చాలు.

వెల్డింగ్ తప్పనిసరి అయితే

విరిగిన భాగాన్ని బండి నుంచి పూర్తిగా విప్పి తీసుకుపోండి. బండి మీదనే చేయాల్సి వస్తే బ్యాటరీ వైర్లు తీసేయాలి. బీఎస్ 6 బండ్లలో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) ఉంటుంది కాబట్టి ఇది మర్చిపోవద్దు. ఎర్త్ క్లాంపును వెల్డింగ్ చేసే చోటికి దగ్గర్లోనే పెట్టించండి. పెట్రోలు ట్యాంకు పక్కన అసలే వద్దు.

పగులు ఎక్కడిదాకా పోయిందో కనిపెట్టి, దాని చివరన చిన్న రంధ్రం వేసి, పగులు పొడవునా గ్రైండింగ్ చేసి, పెయింటు, తుప్పు, క్రోమ్ పూత పూర్తిగా తీసేశాకే రాడ్డు పెట్టాలి. క్రోమ్, జింకు పూతల పొగ పీల్చకూడదు, ఆరుబయట చేయించండి. పైపైన ముద్ద వేస్తే లోపల పగులు అలాగే ఉండి, మళ్లీ అక్కడి నుంచే పాకుతుంది. వెల్డింగ్ అయ్యాక దాని అంచు పట్టీలో కలిసిపోయేలా నున్నగా గ్రైండ్ చేయించండి, గ్రైండింగ్ గీతలు పట్టీ పొడవునా ఉండాలి, అడ్డంగా ఉండకూడదు. ఊగే పట్టీకి సరిగ్గా మడత దగ్గర అడ్డంగా వెల్డింగ్ వేయించొద్దు, అన్నిటికన్నా ఎక్కువ ఒత్తిడి ఉండేది అక్కడే.

ఖరీదైన గట్టి స్టీలు తెచ్చినా వెల్డింగ్ చేసిన చోట అదురుకు తట్టుకునే శక్తి పెద్దగా పెరగదు. వెల్డింగ్ అంచు ఆకారమే దాన్ని నిర్ణయిస్తుంది. కాబట్టి ఆ డబ్బు మంచి వెల్డర్‌కు ఇవ్వడం మేలు.

హ్యాండిల్ బార్, ఫోర్క్, చక్రం ఇరుసు, అల్లాయ్ వీల్, బ్రేక్ లివర్, బ్రేక్ పెడల్: వీటిలో పగులు కనిపిస్తే వెల్డింగ్ మాటే ఎత్తకండి. కొత్తవి వేయించుకోవాలి. ఎంత నమ్మకమైన వెల్డర్ చెప్పినా వినకండి.

కొన్ని సామాన్లకు విడిగా

నంబర్ ప్లేటు: 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బండ్లకు వస్తున్న హై సెక్యూరిటీ ప్లేట్లు అల్యూమినియంవి. రంధ్రాల దగ్గర నుంచి చీలుతాయి. ప్లేటు వెనక మొత్తం ఆనుకునేలా ఫ్రేము ఉంటే ఆ ఊపు ఉండదు. ఇంకా ఫ్రేము లేకపోతే బిగించేటప్పుడే అడిగి వేయించుకోండి. చీలిన ప్లేటుకు స్టిక్కర్ ప్లేటు బదులు పెట్టుకుంటే చెల్లదు, మళ్లీ అదే రకం ప్లేటుకు దరఖాస్తు పెట్టుకోవాలి.

క్యారియర్, పాల క్యాన్ల కడ్డీలు: బరువు వెనక చక్రం ఇరుసుకు వెనక్కి పోయిన కొద్దీ స్పీడ్ బ్రేకర్ దగ్గర పడే దెబ్బ పెరుగుతుంది. మన ఊళ్లలో సిమెంటుతో సొంతంగా పోసిన స్పీడ్ బ్రేకర్లు ఎలా ఉంటాయో తెలిసిందే. క్యాన్లు వీలైనంత ముందుకు, కిందికి రావాలి. రెండు వైపులా సమానంగా ఉండాలి. కడ్డీ ఒక్క చోట వేలాడకుండా కింద ఫుట్‌రెస్టు దగ్గరి ఫ్రేముకు ఏటవాలు ఊతం ఉండాలి. క్యాను కడ్డీకి తగిలి కొట్టుకోకుండా పాత ట్యూబు ముక్క చుట్టండి.

ఫాగ్ లైట్లు, హారన్: పట్టీతో పాటు వైర్లు కూడా అలసిపోతాయి. రాగి పోగులు కనెక్టర్ దగ్గర ఒక్కోటీ తెగి, చివరికి లైటు ఒకసారి వెలిగి ఒకసారి ఆరుతుంది. వైరు బిగుసుగా లాగకుండా ఒక చిన్న చుట్టు వదిలి, కనెక్టర్‌కు దగ్గర్లోనే పట్టీకి కట్టేయండి. వైర్లు అతికేటప్పుడు సోల్డరింగ్ కన్నా మంచి క్రింపు (కనెక్టర్‌ను వైరు మీద నొక్కి బిగించడం) మేలు, సోల్డర్ పాకిన చోట వైరు బిరుసెక్కి ఆ అంచులోనే తెగుతుంది.

మొబైల్ హోల్డర్: ఇక్కడ హోల్డర్ కన్నా ఫోన్‌కే ప్రమాదం. ఎక్కువ పవర్ ఉన్న మోటార్‌సైకిళ్ల అదురుకు కెమెరాలోని స్థిరీకరణ వ్యవస్థ దెబ్బతినొచ్చని యాపిల్ సంస్థే 2021 సెప్టెంబరులో చెప్పింది. అదురు తగ్గించే రబ్బరు డ్యాంపర్ ఉన్న హోల్డర్ తీసుకోండి, మ్యాపు అక్కర్లేనప్పుడు ఫోన్ జేబులో పెట్టుకోండి.

చీర గార్డు: విరిగిందని తీసేసి తిరగడం చాలా ప్రమాదం. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం చెబుతోంది. దీన్ని మాత్రం రేపటికి వాయిదా వేయకండి.

పగులును ముందే పట్టుకోవడం

నెలకోసారి బండి కడిగి ఆరాక చూస్తే చాలు. నట్టు చుట్టూ సన్నటి ఎర్ర పొడి కనిపిస్తే అక్కడ రెండు లోహాలు రాసుకుంటున్నాయి. పెయింటు మీద వెంట్రుకలాంటి తుప్పు గీత కనిపిస్తే కింద నెర్రె ఉండొచ్చు. భూపాలపల్లి, గోదావరిఖని వైపు బొగ్గు దుమ్ములో తిరిగే బండ్లకు కడగకుండా చూస్తే ఏమీ తెలియదు.

అనుమానం ఉన్న చోట సుద్ద పరీక్ష చేయండి. రైల్వే వర్క్‌షాపుల్లో పాత రోజుల్లో వాడిన పద్ధతే ఇది. ఇంజిన్ చల్లగా ఉండాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు. ఆ చోట పెయింటు గీకి, శుభ్రంగా తుడిచి, కిరోసిన్ పూసి పావుగంట వదిలేయండి. పొడి గుడ్డతో పూర్తిగా తుడిచి, సుద్దముక్కను పొడి చేసి పల్చగా అద్దండి. కాసేపటికి పగులులో దాగిన కిరోసిన్ పైకి వచ్చి సుద్దలో నల్లటి సన్న గీత కనిపిస్తుంది. గీత చివర్లకు మార్కర్‌తో గుర్తు పెట్టుకుంటే అది పెరుగుతోందో లేదో తర్వాత తెలుస్తుంది. ఇంకా స్పష్టంగా కావాలంటే వెల్డింగ్ సామాన్ల షాపుల్లో దొరికే ఎర్ర రంగు డై స్ప్రే వాడొచ్చు.

కడ్డీలను పానాతో మెల్లగా కొట్టి వినడం కూడా పనికొస్తుంది. బాగున్నది ఖంగుమంటుంది, పగిలినది బొంగురుగా మోగుతుంది.

కొత్తగా ఏది బిగించినా మొదటి 50 కిలోమీటర్లకు ఒకసారి, 200కు ఒకసారి పెయింటు గీతలు చూడండి. దూరం పోయే ముందు రోజు కూడా. మేడారం జాతరకు పోయేవాళ్లు ముఖ్యంగా చూసుకోవాలి. వరంగల్ నుంచి సుమారు 100 కిలోమీటర్లు, ముగ్గురు మనుషుల బరువుకు సామాను తోడై, ములుగు దాటాక అడవి రోడ్డు.

అక్కడ ఏదైనా విరిగితే వేలాడుతూ వదిలేయకండి. సగం తెగిన లెగ్‌గార్డు కింది చివర రోడ్డుకు గుచ్చుకుంటే బండి బోల్తా పడుతుంది. పూర్తిగా విప్పి సంచిలో పెట్టుకోండి. విప్పడానికి వీల్లేకపోతే పాత ట్యూబు ముక్క చుట్టి, దాని మీద బైండింగ్ వైరు లేదా జిప్ టైలతో ఫ్రేముకు బిగించి కట్టండి, చక్రానికీ చైనుకూ సైలెన్సర్‌కూ తగలకుండా. సీటు కింద రెండు ఎం6, రెండు ఎం8 బోల్టులు నట్లతో సహా, ఒక పానా, నాలుగు జిప్ టైలు ఉంచుకుంటే ఇది పది నిమిషాల పని. విరిగింది చీర గార్డు అయితే వెనక కూర్చున్నవాళ్లు కొంగు, చున్నీ ముందుకు లాగి గట్టిగా దోపుకోవాలి, వీలుంటే రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోవాలి. కుదరకపోతే వాళ్లను బస్సులోనో ఆటోలోనో పంపించి, మీరు ఖాళీ బండితో మెల్లగా దగ్గర్లోని షాపు దాకా పొండి.